ఫీల్డ్‌వర్క్‌ని పనిగా లెక్కించండి: విశ్వవిద్యాలయాల పెద్దలకు ఒక సోషల్ వర్క్ టీచర్ రాస్తున్న బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ విశ్వవిద్యాలయాల ఉపకులపతులకు, రెండు రాష్ట్రాల ఉన్నత విద్యామండలుల పెద్దలకు,

నమస్కారం.

నేను ఎమ్మెస్‌డబ్ల్యూ, అంటే సోషల్ వర్క్‌లో పీజీ చేసే విద్యార్థులకు పాఠాలు చెప్పే అధ్యాపకురాలిని. కుటుంబాలతో, టీనేజి పిల్లలతో ఎలా పనిచేయాలో నేర్పడంలోనే నా సర్వీసంతా గడిచింది, చేసిన పరిశోధన కూడా వాళ్ల మధ్యే. రిటైర్‌మెంట్ దగ్గరపడింది కాబట్టి ఈ ఉత్తరం వల్ల నాకు కొత్తగా వచ్చేదీ లేదు, పోయేదీ లేదు. నా తర్వాత ఈ పని ఎవరు చేస్తారన్నదే నా బెంగ.

అడగదలచుకున్నది ముందే చెప్పేస్తాను. సోషల్ వర్క్ విభాగాల్లో ఫీల్డ్‌వర్క్ సూపర్‌విజన్‌ని, అంటే విద్యార్థులు బయట జనం మధ్య చేసొచ్చే పనిని టీచర్ చదివి, మాట్లాడి, దిద్దడాన్ని, బోధనగా లెక్కించండి. టైంటేబుల్లో లెక్కించండి, వర్క్‌లోడ్‌లో లెక్కించండి, ప్రమోషన్ ఫైల్లో లెక్కించండి, గెస్ట్ ఫ్యాకల్టీకి ఇచ్చే డబ్బులో కూడా లెక్కించండి. మిగతాదంతా ఇది ఎందుకు అడుగుతున్నానో చెప్పడానికే.

ఇప్పుడే ఎందుకంటే, 2025 జులై 25న సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. అది మన విశాఖపట్నంలో హాస్టల్లో ఉంటూ నీట్‌కి చదువుతున్న పదిహేడేళ్ల అమ్మాయి మరణం కేసు. ఆ తీర్పులో కోర్టు దేశం మొత్తానికి వర్తించేలా 15 మార్గదర్శకాలు పెట్టింది. వాటిలో ఒకటి, 100 మంది లేదా అంతకన్నా ఎక్కువ విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థా కనీసం ఒక్క కౌన్సెలర్‌నో, సైకాలజిస్టునో, సోషల్ వర్కర్‌నో పెట్టుకోవాలి, ఆ మనిషికి పిల్లల, కౌమార వయసువాళ్ల మానసిక ఆరోగ్యంలో తగిన శిక్షణ ఉండాలి. మన రెండు రాష్ట్రాల్లో ఎన్ని జూనియర్ కాలేజీలు, ఎన్ని రెసిడెన్షియల్ స్కూళ్లు, ఎన్ని కోచింగ్ సెంటర్లు ఉన్నాయో నాకన్నా మీకే బాగా తెలుసు. అంతమంది ఎక్కడి నుంచి వస్తారు? సైకాలజీ విభాగాల నుంచి కొందరు వస్తారు. మిగతావాళ్లు మా దగ్గర్నుంచే రావాలి. కోర్టు అడిగింది సర్టిఫికెట్ కాదు, శిక్షణ. మాకు శిక్షణ అంటే ఫీల్డ్‌వర్కే.

జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల ప్రకారం 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. విద్యార్థులతో సహా ఆ ఏడాది మొత్తం ఆత్మహత్యల్లో, 1,70,924 మందిలో, 31.7 శాతానికి కారణం కింద కుటుంబ సమస్యలు అని రాశారు. అన్నిటికన్నా పెద్ద కారణం అదే. ఆ ఒక్క మాట కింద ఏమేం ఉంటాయో పోలీసు ఫారంలో పట్టదు. అప్పు ఉంటుంది, అనుమానం ఉంటుంది, ఇద్దరి మధ్య ఏళ్ల తరబడి మాటల్లేకపోవడం ఉంటుంది. ఆ ఇంట్లోకి వెళ్లి, కూర్చుని, ఎవరినీ నిందించకుండా వినగలిగే మనిషిని తయారుచేయడమే మా వృత్తి.

మీలో సైన్సు, ఇంజనీరింగ్ వైపు నుంచి వచ్చినవాళ్లు ఎక్కువ కాబట్టి ఫీల్డ్‌వర్క్ గురించి కాస్త వివరంగా చెబుతాను. వారంలో రెండు రోజులు మా విద్యార్థి ఒక ఏజెన్సీకి వెళ్తాడు. అది ప్రభుత్వాసుపత్రి కావచ్చు, హింసకు గురైన ఆడవాళ్లకి సాయం చేసే సఖి సెంటర్ కావచ్చు, బాలల హోం, బస్తీ, సర్కారు బడి, ఏదైనా కావచ్చు. అక్కడ ఎవరితో ఏం మాట్లాడాడో, వాళ్లేమన్నారో, తనకేమనిపించిందో వచ్చి రాస్తాడు. దాన్ని ప్రాసెస్ రికార్డింగ్ అంటాం. టీచర్ అది చదివి, ఒక్కొక్క విద్యార్థినీ విడిగా కూర్చోబెట్టుకుని మాట్లాడాలి. అది ఇండివిడ్యువల్ కాన్ఫరెన్స్, మా వాడుకలో ఐసీ. కెమిస్ట్రీవాళ్లకి ల్యాబ్ ఎలాగో మాకు ఐసీ అలాగ.

ఒక కేసు చెబుతాను, మనుషుల్ని గుర్తుపట్టకుండా వివరాలు కొన్ని మార్చాను. మా విద్యార్థిని ఒకమ్మాయి, ఇంటర్ సెకండియర్ మధ్యలో మానేసిన ఒక అబ్బాయి ఇంటికి వెళ్లొచ్చింది. మొదటిసారి రాసుకొచ్చింది ఇంతే: "తండ్రి మద్యానికి బానిస. తల్లికి చదువు విలువ గురించి అవగాహన లేదు. క్లయింట్‌కు చదువు మీద ఆసక్తి లేదు. కౌన్సెలింగ్ ఇవ్వడమైనది."

ఈ కాగితం మీద సంతకం పెట్టడానికి అర నిమిషం చాలు. నేను పెట్టలేదు. ఎక్కడ కూర్చున్నావమ్మా అని అడిగాను. మంచం మీద, మేడమ్. అబ్బాయి? గుమ్మం దగ్గర నిలబడ్డాడు. నువ్వడిగినవాటికి ఎవరు జవాబు చెప్పారు? కాసేపు ఆలోచించి, అన్నిటికీ వాళ్లమ్మే చెప్పింది మేడమ్ అంది. అబ్బాయిని అడిగినవాటికి కూడానా? అవును మేడమ్. తండ్రి ఎక్కడున్నాడు? బయట అరుగు మీద. లోపల మాటలు ఆయనకి వినబడతాయా? వినబడతాయి. వాళ్లమ్మ దేనికైనా తడబడిందా? ఫీజు సంగతి అడిగినప్పుడు బయటికి చూసింది, తర్వాత టీ పెడతానని లేచి వెళ్లిపోయింది. ఇవేవీ రాయలేదేం అంటే, ఇవి కూడా రాయాలా మేడమ్ అంది. అవే రాయాలి.

మళ్లీ వెళ్లింది. ఈసారి ఇంట్లో కూర్చోకుండా అబ్బాయితో పాటు బస్టాపు దాకా నడుస్తూ మాట్లాడింది. అప్పుడు బయటపడింది. అక్క పెళ్లికి చేసిన అప్పుకి వారం వారం మైక్రోఫైనాన్స్ కిస్తీ కట్టాలి. తండ్రి సెంట్రింగ్ పనిలో పైనుంచి పడి నడుం దెబ్బతిని ఇంట్లో కూర్చున్నాడు, తాగుడు ఆ తర్వాతే మొదలైంది. అబ్బాయి రాత్రిళ్లు బాబాయి ఆటో తోలి ఆ కిస్తీ కడుతున్నాడు. పొద్దున్న క్లాసులో కునికిపాట్లు పడుతుంటే లెక్చరర్ అందరి ముందూ లేపి నిలబెట్టాడు, ఆ మర్నాటి నుంచి కాలేజీకి వెళ్లలేదు. తల్లికి ఇదంతా తెలుసు. బయటినుంచి వచ్చిన పిల్ల ముందు భర్త పరువు తీయడం ఇష్టంలేక ఏమీ తెలియనట్టు మాట్లాడింది. అవగాహన లేదు అని రాసేసిన ఆవిడే ఆ ఇంట్లో అందరికన్నా ఎక్కువ తెలిసిన మనిషి.

తర్వాత మా అమ్మాయి ముందు తండ్రితో మాట్లాడింది. దెబ్బ తగిలినప్పటి నుంచి ఆయన నడుం ఎలా ఉందని అడిగినవాళ్లే లేరట. ప్రభుత్వాసుపత్రిలో చూపించింది, ప్రిన్సిపాల్‌ని కలిసి పరీక్ష ఫీజు గడువు సంగతి చూసింది, కిస్తీ విషయం బాబాయితో, మేనమామతో కలిపి కూర్చోబెట్టి మాట్లాడించింది. అబ్బాయి ఇంటర్ పాసయ్యాడు. అప్పు తీరలేదు, తండ్రి తాగుడు తగ్గింది గానీ మానలేదు. అన్నీ చక్కబడ్డాయని నేను చెప్పడం లేదు. కానీ మొదటి కాగితం మీద నేను సంతకం పెట్టి ఉంటే ఆ పిల్లవాడు మా రికార్డుల్లో ఆసక్తి లేనివాడిగానే మిగిలిపోయేవాడు, మా అమ్మాయి కూడా జీవితమంతా అలాంటి నాలుగు లైన్లే రాస్తూ ఉద్యోగం చేసుకుపోయేది.

ఆ కేసు మీద మేమిద్దరం కూర్చున్న గంటలు ఏ రిజిస్టర్‌లోనూ లేవు.

విశ్వవిద్యాలయాల నిధుల సంఘం (యూజీసీ) 2018 నిబంధనల ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్ వారానికి 16 గంటలు, అసోసియేట్ ప్రొఫెసర్, ప్రొఫెసర్ 14 గంటలు నేరుగా బోధనలో ఉండాలి. నేను పనిచేసిన చోట్ల బోధన అంటే నల్లబల్ల ముందు నిలబడ్డ పీరియడే. ఐసీకి కాలమ్ లేదు, ఏజెన్సీ విజిట్‌కి కాలమ్ లేదు. సాయంత్రం నాలుగు తర్వాత, సెలవుల్లో, కారిడార్లో నిలబడి చేసుకోవాలి. ఇంకా ఘోరం గెస్ట్ ఫ్యాకల్టీ పరిస్థితి. వాళ్లకి పీరియడ్‌కి ఇంతని ఇస్తారు. పీరియడ్ కానిదానికి ఏమీ లేదు. రిటైరైనవాళ్ల పోస్టులు ఏళ్ల తరబడి నింపకపోవడంతో నాకు తెలిసిన విభాగాల్లో సగానికి పైగా పని వాళ్ల మీదే నడుస్తోంది. ఇంటి అద్దె కట్టుకోవడానికి రెండు మూడు కాలేజీల మధ్య పరిగెత్తే టీచర్‌ని, డబ్బు ఇవ్వకుండా, ఒక్కో ప్రాసెస్ రికార్డింగ్ చదివి గంటసేపు మాట్లాడమని ఏ మొహం పెట్టుకుని అడగాలి?

దాని ఫలితం ఎలా ఉందో మీరు చూడాలి. ఏజెన్సీ నుంచి హాజరు సర్టిఫికెట్ తెస్తే ఫీల్డ్‌వర్క్ అయిపోయినట్టే. సీనియర్ల రికార్డులు జూనియర్లు తిరగరాస్తారు, పేర్లు మారతాయి, కుటుంబాలు మారవు. వైవాలో ఒక్కోసారి మూడేళ్ల కిందట విన్న కేసే మళ్లీ వినిపిస్తుంది. పిల్లల్ని నేను తప్పు పట్టను. మా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది తమ ఇంట్లో మొదటిసారి పీజీ దాకా వచ్చినవాళ్లు. ఏజెన్సీకి పోయిరావడానికి కూడా వాళ్ల జేబులోంచే పెట్టుకోవాలి. తెలంగాణలో 2023 డిసెంబర్‌లో, ఆంధ్రలో 2025 ఆగస్టులో ఆడవాళ్లకి ఆర్టీసీ ఉచిత ప్రయాణం వచ్చాక అమ్మాయిలకి ఆ భారం చాలావరకు తప్పింది, అబ్బాయిలకి ఇంకా ఉంది. రాసింది చదివే మనిషి లేనప్పుడు, సొంత డబ్బుతో రెండు బస్సులు మారి వెళ్లి, నిజంగా రాయమంటే ఎవరు మాత్రం రాస్తారు?

ఇది మార్కుల విషయం మాత్రమే అనుకోవద్దు. 2015 బాలల న్యాయ చట్టం చూడండి. జువెనైల్ జస్టిస్ బోర్డులో మేజిస్ట్రేట్ పక్కన ఇద్దరు సోషల్ వర్కర్లు సభ్యులుగా కూర్చుంటారు. నేరారోపణ ఎదుర్కొంటున్న పిల్లవాణ్ణి మొదట హాజరుపరిచిన రోజు నుంచి 15 రోజుల్లో సామాజిక పరిశోధన నివేదిక ఇవ్వాలి. ప్రొబేషన్ అధికారి లేకపోతే శిశు సంక్షేమ అధికారి గానీ సోషల్ వర్కర్ గానీ రాసివ్వాలి. ఆ నేరం ఏ పరిస్థితుల్లో జరిగిందో, ఇల్లెలాంటిదో, చదువెందుకు ఆగిందో అందులోనే ఉండాలి. పదహారు నిండిన పిల్లవాడి మీద ఘోరమైన నేరారోపణ ఉంటే, పెద్దవాళ్లలాగా విచారించాలా వద్దా అన్న ప్రాథమిక అంచనాకి కూడా బోర్డు మానసిక సామాజిక కార్యకర్తల సాయం తీసుకోవచ్చు. "తండ్రి మద్యానికి బానిస, తల్లికి అవగాహన లేదు" అని రాయడం అలవాటైన చెయ్యి అక్కడ కూడా అదే రాస్తుంది. దాని మీద ఒక పిల్లవాడి జీవితంలో కొన్నేళ్లు ఆధారపడి ఉంటాయి. 1984 ఫ్యామిలీ కోర్టుల చట్టంలో కౌన్సెలర్ల ఏర్పాటు కూడా ఇలాంటిదే, విడిపోదామనుకుంటున్న ఇద్దరి మధ్య కూర్చునే ఆ మనిషి ఎక్కడ నేర్చుకుని రావాలి?

పరిశోధన సంగతి. హాస్టళ్లలో ఉండి చదువుకునే పిల్లలకీ ఇంట్లోవాళ్లకీ మధ్య మాటలు ఎలా ఉంటాయన్నది నేను చాలాకాలం పట్టుకున్న విషయం. మొదట్లో అందరిలాగే ప్రశ్నావళి ఇచ్చాం. మీ కుటుంబం మీకు అండగా ఉందా అంటే దాదాపు అందరూ అవుననే టిక్ పెట్టారు. హాస్టల్ హాల్లో, వార్డెన్ అటూ ఇటూ తిరుగుతుంటే ఇంకేం పెడతారు? ఆ కాగితాలు పక్కన పెట్టి, చివరిసారి పరీక్షలో మార్కులు తగ్గినప్పుడు ఆ సంగతి మొదట ఎవరికి చెప్పావు అని ఒక్కొక్కరినీ విడిగా అడగడం మొదలుపెట్టాం. అప్పుడు వేరే మనుషులు కనబడ్డారు. అక్క, అమ్మమ్మ, మేనమామ, పదో తరగతిలో పక్కన కూర్చున్న స్నేహితుడు. అమ్మానాన్నలకి చెప్పినవాళ్లు తక్కువ. ఎవరికీ చెప్పలేదన్నవాళ్లు కూడా ఉన్నారు, మేం ఎక్కువ కంగారుపడింది వాళ్ల గురించే. ఆదివారం ఇంటికి చేసే ఫోన్ ఎలా ఉంటుందో వాళ్లే చేసి చూపించారు. తిన్నావా, ఆరోగ్యం ఎలా ఉంది, ఈ వారం టెస్టులో ఎంత వచ్చింది, సరే పెట్టేయ్ వెనక లైన్లో పిల్లలుంటారు. అంతే. తల్లిదండ్రులకి ప్రేమ లేక కాదు. ఫీజు కట్టడానికి పడుతున్న తిప్పలు పిల్లలకి చెప్పకూడదని వాళ్లు, చదువు నెత్తికెక్కడం లేదని ఇంట్లో చెప్పకూడదని వీళ్లు. ఒకరి టెన్షన్ ఒకరికి తెలియనివ్వకూడదని ఇద్దరూ ప్రయత్నం.

దీంట్లోంచి మాకు పనికొచ్చింది ఏమిటంటే, పిల్లవాడు డల్‌గా ఉన్నాడని కాలేజీవాళ్లు తల్లిదండ్రులకి ఫోన్ చేస్తే చాలదు, ఆ పిల్లవాడు ఎవరితో మాట్లాడతాడో ఆ మనిషిని ముందు పట్టుకోవాలి. చేరిన రోజే అప్లికేషన్‌లో, నీకు కష్టమొస్తే ఎవరికి ఫోన్ చేయమంటావు అని పిల్లల్నే అడిగి ఒక నంబర్ రాయించుకోమని మేం చెప్పిన చోటల్లా చెప్పాం. తల్లిదండ్రుల కోసం తెలుగులో ఒక చిన్న పుస్తకం వేసి ఊళ్లలో పంచాం, స్కూళ్లలో చదివి వినిపించాం. ప్రమోషన్ ఫైల్లో దానికి సున్నా. అదే విషయం మీద జర్నల్‌లో వేసిన పేపర్‌కి యూజీసీ 2018 పట్టిక ప్రకారం 10 పాయింట్లు. పేపర్‌కి పాయింట్లు ఇవ్వవద్దని నేను అనడం లేదు, పేపర్లు నేనూ రాశాను, రాయాలి కూడా. కానీ ఆ పేపర్ ఏ కుటుంబాల గురించో ఆ కుటుంబాలు చదవగలిగే పుస్తకానికి విలువ లేదనడం మాత్రం నాకు ఎప్పటికీ మింగుడుపడలేదు.

మన దగ్గర పెద్ద పరిశోధన జరగలేదా అంటే జరిగింది. యంగ్ లైవ్స్ అధ్యయనం 2002లో మొదలైంది. ఇథియోపియా, పెరూ, వియత్నాం, మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్, నాలుగు చోట్లా కలిపి దాదాపు 12,000 మంది పిల్లల్ని, మన దగ్గర సుమారు 3,000 మందిని, ఏళ్ల తరబడి వెంట ఉండి గమనించారు. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నడిపిన ఆ పనిలో, మన పిల్లలతో, వాళ్ల ఇళ్లల్లో కూర్చుని లోతుగా మాట్లాడే భాగాన్ని తిరుపతి శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం సోషల్ వర్క్ ఆచార్యులు ముందుండి చేశారు. పాపాయిలుగా ఉన్నప్పుడు చూసినవాళ్లనే బడిలో, పొలంలో, పెళ్లయ్యాక అత్తింట్లో మళ్లీ మళ్లీ కలిశారు. అలాంటి పని అంకెలతో మాత్రమే అవదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడతలో, 2019-21లో, 20 నుంచి 24 ఏళ్ల వయసున్న ఆడవాళ్లలో పద్దెనిమిది నిండకముందే పెళ్లయినవాళ్లు ఆంధ్రలో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం అని తేలింది. ఆ అంకె ఇంకా ఎందుకు ఇంత ఎక్కువగా ఉందో తెలియాలంటే ఎవరో ఒకరు వెళ్లి, పదో తరగతి అయిపోయిన పిల్ల తల్లి పక్కన కూర్చుని, ఆమె దేనికి భయపడుతోందో వినాలి. భయం ఉంటుంది. దూరపు కాలేజీ, చీకటి పడ్డాక బస్సు, ఊళ్లో నలుగురి మాటలు. వినకుండా అవగాహన సదస్సు పెడితే ఆ తల్లి చప్పట్లు కొట్టి ఇంటికెళ్లి సంబంధం ఖాయం చేస్తుంది.

ఫీల్డ్‌వర్క్‌తో ఏం ఒరుగుతుంది అనేవాళ్లకి ఒకటే చెబుతాను, ఈ దేశంలో సోషల్ వర్క్ చదువు మొదలైందే అక్కడ. 1936లో బొంబాయి నాగపాడా బస్తీలో పనిచేస్తూ వచ్చిన క్లిఫర్డ్ మాన్‌షార్ట్ చొరవతో సర్ దొరాబ్జీ టాటా గ్రాడ్యుయేట్ స్కూల్ ఆఫ్ సోషల్ వర్క్ పుట్టింది. ఇవాళ్టి టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్, మా వాడుకలో టిస్, అదే. 1984లో ముంబై పోలీసులతో కలిసి, హింసకు గురైన స్త్రీల కోసం స్పెషల్ సెల్ పెట్టింది టిస్ వాళ్లే. 1996లో పిల్లల హెల్ప్‌లైన్ చైల్డ్‌లైన్ 1098 మొదలైంది కూడా అక్కడే, దాన్ని మొదలుపెట్టిన జెరూ బిల్లిమోరియా ఆ సంస్థలో కుటుంబ, శిశు సంక్షేమ విభాగం టీచర్. రైల్వే స్టేషన్లలో, వీధుల్లో ఉండే పిల్లలతో పనిచేస్తూ చేస్తూ, రాత్రిపూట వాళ్లు ఎవరికి ఫోన్ చేయాలి అన్న ప్రశ్న దగ్గర పుట్టిన నంబర్ అది. ముంబై నిర్మలా నికేతన్‌లో ప్రిన్సిపాల్‌గా, తర్వాత టిస్ డైరెక్టర్‌గా పనిచేసిన ఆర్మైటీ దేశాయ్ 1995లో యూజీసీ ఛైర్‌పర్సన్ అయ్యారు. అంటే ఒక సోషల్ వర్క్ టీచర్ ఈ దేశంలో ఉన్నత విద్యకి పెద్దగా కూర్చున్నారు. మా విభాగాన్ని చిన్నచూపు చూసేటప్పుడు కనీసం ఇది గుర్తుంచుకోండి.

ఇక మీ చేతిలో ఉన్నది. అకడమిక్ కౌన్సిల్ తీర్మానం చేస్తే ఐసీ గంటల్ని, ఏజెన్సీ విజిట్‌ని ల్యాబ్ గంటల్లాగే వర్క్‌లోడ్‌లో కలపవచ్చు. ఒక్కో టీచర్ కింద ఎంతమంది ఫీల్డ్‌వర్క్ విద్యార్థులుండాలో పరిమితి పెట్టవచ్చు, పెట్టాలి. గెస్ట్ ఫ్యాకల్టీకి పీరియడ్ లెక్కలోనే సూపర్‌విజన్‌కీ ఇవ్వవచ్చు. అబ్బాయిలకి బస్‌పాస్ డబ్బు పెద్ద మొత్తమేమీ కాదు. ప్రమోషన్ల విషయంలో యూజీసీ 2025 జనవరిలో విడుదల చేసిన ముసాయిదాలోనే సమాజంతో కలిసి చేసే సేవ, విద్యార్థుల ఇంటర్న్‌షిప్ పర్యవేక్షణ, భారతీయ భాషల్లో బోధన ఇవన్నీ గుర్తించదగ్గ కృషిగా రాశారు. ఆలోచన అటువైపు కదిలిందన్నమాట. ఖాళీ పోస్టుల విషయం మీ ఒక్కరి చేతిలో లేదని నాకు తెలుసు. ప్రభుత్వానికి రాసేటప్పుడు సుప్రీంకోర్టు తీర్పుని జతచేసి రాయండి, కాలేజీల్లో కౌన్సెలర్లు కావాలంటే ముందు వాళ్లకి నేర్పేవాళ్లు కావాలని.

నిధులు లేవంటారు, వింటూనే ఉన్నాను. నేనడిగినవాటిలో సగానికి డబ్బుతో పని లేదు, టైంటేబుల్లో ఒక గడి చాలు.

ఈ లేఖని మా విభాగాధిపతుల ద్వారా కాకుండా బహిరంగంగా రాయడానికి కారణం, లోపల రాసినవి ఫైళ్లలోనే ఉండిపోయాయి. మీకు సందేహముంటే ఏ విశ్వవిద్యాలయంలోనైనా గత రెండేళ్ల ఫీల్డ్‌వర్క్ రికార్డులు తెప్పించుకుని చదవండి. పది చదివితే తెలిసిపోతుంది, టీచర్ ఏది చదివిందో, దేని మీద ఉత్తి సంతకం పెట్టిందో. కొత్త విద్యాసంవత్సరం వర్క్‌లోడ్ పట్టికలు తయారయ్యేలోగా, అవునో కాదో, రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి.

ఇట్లు,
ఒక సోషల్ వర్క్ అధ్యాపకురాలు